సున్నం కింద పెన్సిల్ గీత

రఘునందన్ చెప్పులు విప్పకుండానే సత్తమ్మ గదిలోకి వచ్చాడు. దండెం మీద ఆరుతున్న చున్నీని లాగి మా అందరి ముందూ పిండాడు. రెండు చుక్కలు నేల మీద పడ్డాయి.

"సూసిండ్రా? గోడకు సెమ్మ యాడికెల్లొస్తుందో సూసిండ్రా? తడిబట్టలు లోపట ఆరేస్తరు. తలుపు వెట్టుకొని గంజి వారుస్తరు. గోడ నల్లవడితె మల్ల నా మీదికొస్తరు. కిరాయికి తీసుకున్నంక ఇల్లు మీదే. మంచిగ ఉంచుకునుడు మీ పని. ఉండబుద్ధి కాకుంటె గేటు తెరిచే ఉన్నది."

చున్నీ సత్తమ్మ కూతురు కరుణది. ఇరవై రెండేళ్ల పిల్ల. గడప మీద కూర్చుని, దగ్గు బయటికి రాకుండా అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. పరాయి మగవాడు తన బట్ట పట్టుకుని పిండుతుంటే ఆమె ముఖం ఎలా అయిందో నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఈ కథలో నేను ఊరుకున్న చోట్లు చాలా ఉన్నాయి. పనిచేసే అన్నలకూ చదువుకునే తమ్ముళ్లకూ చెప్పే కథలో వాటిని దాచిపెట్టదలచుకోలేదు.

నా పేరు రమాకాంత్. మండలాఫీసు దగ్గర ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేసేవాణ్ణి. వచ్చిన వాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక తొమ్మిది గదుల లైను మాది. మాది అంటే, మేం పటేలు అని పిలిచే రఘునందన్‌ది. చేలు కొని ప్లాట్లు చేసే వ్యాపారం కూడా ఆయనకుంది. శంషాబాద్‌లో విమానాలు దిగబోతున్నాయని, ఔటర్ రింగ్ రోడ్డు వస్తుందని, సాగర్ రోడ్డు పొడుగునా చేలల్లో ఎర్రజెండాలు పాతుతున్న రోజులవి. ఆ జెండాలు మనవి కావు, ప్లాట్లవి. సత్తమ్మ కౌలుకు చేసుకునే చేను కూడా అట్లాగే ప్లాట్లయిపోతే, మొగుడు లేని మనిషి, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి ఒకటో నంబరు గదిలో దిగింది. తను ఇళ్లు కట్టే చోట తట్ట మోసేది. కరుణ విత్తనాల కంపెనీలో పొట్లాలు కట్టేది.

వాళ్లు దిగిన మొదటి ఏడు గది పొడిగానే ఉంది. వెనక గోడకు ఒక కిటికీ ఉండేది. తర్వాతి ఎండాకాలంలో రఘునందన్ వెనక ఉన్న పల్లపు జాగాను ఫంక్షన్ హాలు కోసం ఎత్తు చేయించాడు. టిప్పర్లు వారం పాటు మొరం మట్టి పోశాయి. మొరం మా వెనక గోడకు ఆనుకుని నడుమెత్తు దాకా లేచింది. అటువైపు పెళ్లివాళ్లు తిరిగితే మా బీదరికం కనబడుతుందని తొమ్మిది కిటికీలకూ ఇటుకలు పెట్టి మూయించాడు. వాన పడితే ఆ మొరం తాగిన నీళ్లన్నీ గోడలోకి దిగేవి. ముందు ఉప్పు పూసింది. తర్వాత సున్నం ఉబ్బి రాలింది. ఆ తర్వాత బూజు పట్టింది. నల్లగా, మెత్తగా, చీపురుతో తుడిస్తే నాలుగో రోజుకు మళ్లీ మొలిచేది. కరుణకు దమ్ము, అంటే ఉబ్బసం, మొదలైంది ఆ వానాకాలమే.

ఆ పిల్లకు ఒక అలవాటు ఉండేది. ప్రతి ఆదివారం, కంపెనీ సెలవు రోజున, గోడ మీది నల్ల మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తారీకు రాసేది. వచ్చే ఆదివారానికి మచ్చ ఆ గీత దాటి పోయేది. మళ్లీ ఇంకో గీత.

"ఏందమ్మా గీ గీతలు?" అని అడిగాను ఒకసారి.

"సర్వే చేస్తున్ననే అన్నా," అని నవ్వింది. "పటేలు మన సేన్లు కొలిసిండు గద. నేను ఆయన బూజు కొలుస్తున్న. గీడికెల్లి గాడిదాక ఆయన పట్టా."

నవ్వితే దగ్గు వచ్చేది. అందుకని ఆమెను నవ్వించడం మేమంతా మానుకున్నాం.

రఘునందన్ చున్నీ పిండిపోయిన సాయంత్రం, నీళ్లు పట్టుకునే బోరు దగ్గర లైనంతా జమైంది. ఎవరి కడుపులో మంట వాళ్లది. ఐదో గది నారయ్య ముసలివాడు, గడ్డపార పని చేసి చేసి వంగిపోయినవాడు. ఆయన ముందే చేతులెత్తేశాడు.

"కిరాయి ఇంట్ల ఉండుకుంట పటేలుతోని లడాయి పెట్టుకుంటమా? నీళ్లల్ల ఉండి మొసలితోని పంచాది గిది. ఎల్లగొడితె ఏడికి పోతం?"

"ఉండి సచ్చుడు కన్న పోయి బతుకుడు నయం గాదె?" అంది ఆయన పక్క గది శ్యామలమ్మ.

"పోయినకాడ గోడ పొడిగుంటదని ఎవలు సెప్పిండ్రు నీకు?"

అప్పుడు సైదులన్న లేచాడు. అతను మా లైనులోనే ఉండే పెయింటరు. కొత్త విల్లాలకు రంగులేసేవాడు. రఘునందన్ సొంత ఇంటికి రంగు వేసింది కూడా అతనే. గోడల సంగతి అతనికి తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియదు.

"గంజి ఆవిరితోని పైన పట్టాలె బూజు. గిది కిందికెల్లి పైకి ఎక్కుతుంది. వెనక మొరం ఉన్నంత సేపు ముందల నువ్వు బంగారం పూసినా నిలువది. గోడకు మూడడుగులు ఇడిసి మొరం తియ్యాలె, నీళ్లు పోనీకి కాలువ కొట్టాలె, కిటికీలు తెరవాలె. మనం అడిగేది గింతే."

"మూడడుగులు ఇడువడు. గజం రేటు ఎంతున్నదో ఎరికేనా?" అన్నాడు నారయ్య.

"ఇడువకుంటె సర్కారుకు రాద్దాం," అన్నాను నేను. నా గొంతు నాకే గొప్పగా వినిపించింది. అర్జీ నేనే రాశాను. తొమ్మిది గదుల వాళ్లూ సంతకాలో వేలిముద్రలో వేశారు. సత్తమ్మ వేలు గట్టిగా ఒత్తింది. "నా బిడ్డ ఊపిరి గీ కాయితంల ఉన్నది, జాగ్రత్త బిడ్డా," అని నా చేతిలో పెట్టింది. అర్జీలో 'నల్లని బూజు' అన్న మాట నేను ఏడుసార్లు రాశాను.

ఏ ఆఫీసుకు పెట్టామో ఇక్కడ చెప్పను. చెబితే ఆ ఒక్క ఆఫీసే పాపం చేసిందనుకుంటారు. వినాయక చవితి అయిన రెండో రోజు, సోమవారం, విచారణకు సారు వస్తున్నాడని కబురొచ్చింది.

ఇక మేం చేసిన పని వినండి. శత్రువు చేస్తే తిట్టుకోవచ్చు. ఇది మేమే చేశాం.

ఆదివారం పొద్దున సత్తమ్మ కొంగు నడుముకు చుట్టి చీపురు పట్టింది. "పెద్దసారు మన ఇంటికొస్తుండు. బూజుపట్టిన గోడలు సూపిస్తమా? గింత పాసి మనుషులా అనుకోడా?" అంది. మా ఊళ్లలో భూముల లెక్కలు చూసే గిర్దావరు వస్తున్నాడంటే వాకిలి అలికి ముగ్గేసి, పక్కింటి నుంచి మంచం తెచ్చి, దుప్పటి పరిచి కూర్చోబెట్టేవాళ్లం. ఇంటికి వచ్చేవాడు ఎవడైనా ఇల్లు కడిగి పిలవాలి. ముత్తాతల నాటి నుంచి ఒంట్లో ఇంకిన మర్యాద అది. ఒక గది మొదలుపెడితే తొమ్మిది గదుల ఆడవాళ్లూ లేచారు. చీపుర్లతో బూజు దులిపి, సున్నం నానబెట్టారు.

సైదులన్న ఒక్కడే నసిగాడు. "అక్కా, మచ్చలుండనియ్యి. ఆయన సూసేది గవే గద?"

"నీ ఇంటికి సుట్టమొస్తే పెంట సూపిస్తవార? మచ్చల సంగతి నోటితోని సెప్తం. నోరు లేదా మనకు?"

"అమ్మా, నా గీతలు," అంది కరుణ.

"గీతల మీద పాడువడ. మల్ల గీసుకో."

సైదులన్న బ్రష్షు అందుకున్నాడు. నేను బకెట్టు అందుకున్నాను. ఏడుసార్లు 'నల్లని బూజు' అని రాసిన చేత్తో దాని మీద సున్నం పూశాను. రెండు పూతలు వేశాం. జూలై నుంచి కరుణ గీసిన గీతలన్నీ నా కళ్ల ముందే తెల్లగా మునిగిపోయాయి. డిగ్రీ చదివిన నా తలకాయకు ఆ పూట ఏమైందో ఇప్పటికీ తెలియదు. పిల్ల మాత్రం గడప మీద కూర్చుని, పెన్సిల్ చేతిలో పట్టుకుని చూస్తూ ఉంది.

సోమవారం సారు వచ్చాడు. ముగ్గులు తొక్కకుండా పక్కనుంచి నడిచాడు, మంచివాడే. మొరం చూద్దామంటే ఫంక్షన్ హాలు జాగాకు తాళం వేసి ఉంది. చాయ్ తాగాడు. "ఎంత నీట్‌గా పెట్టుకున్నారమ్మా" అని మెచ్చుకున్నాడు. సత్తమ్మ ముఖం చాటంత అయింది. "వానొస్తె గోడలు నల్లగైతయి సారూ" అని చేతులు తిప్పి తిప్పి చెప్పింది. ఆయన తెల్లటి గోడను చూసి తలూపి రాసుకున్నాడు.

నాలుగు రోజులకు రఘునందన్ మా జిరాక్స్ దుకాణానికి వచ్చి నా ముందు ఒక కాగితం పెట్టాడు. "తొమ్మిది కాపీలు కొట్టు," అన్నాడు. చదివాను. 'గోడలు తెల్లగా, శుభ్రముగా ఉన్నవి. ఫిర్యాదు నిరాధారము.' దుకాణం ఓనరు పక్కనే కూర్చుని ఉన్నాడు. నేను బటన్ నొక్కాను. తొమ్మిదిసార్లు మిషన్‌లో వెలుగు అటూ ఇటూ తిరిగింది. సాయంత్రానికి ఆ కాపీలు మా తొమ్మిది తలుపులకూ అంటించి ఉన్నాయి. సత్తమ్మకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. సున్నానికి వేళ్లు ఇంకా పగిలే ఉన్నాయి.

ఆ వారమే ముసురు పట్టింది. సైదులన్న చెప్పినట్టే సున్నం నిలవలేదు. ఉబ్బింది, పొక్కులు లేచాయి, వాటి మధ్య నుంచి నల్లదనం తొంగిచూసింది. కరుణ మళ్లీ గీతలు మొదలుపెట్టింది. దవాఖానలో డాక్టరమ్మ పీల్చే మందు ఇచ్చి, "ఆ గదిలో ఉన్నంతకాలం ఈ మందు ఏం చేయలేదు, ఇల్లు మారండి" అంది. సత్తమ్మ రోజూ పని దిగి గదుల కోసం తిరిగింది. దమ్ముతో దగ్గే పిల్లను చూసి ఎవరూ గది ఇవ్వలేదు. టీబీ అనుకున్నారు.

అక్టోబర్ మొదటి ఆదివారం. పగలు పన్నెండు దాటింది. శ్యామలమ్మ కేక విని పరుగెత్తాను. కరుణ గోడకు ఆనుకుని కూర్చుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, ఊపిరి మాత్రం లోపలికి పోవడం లేదు. మందు పీల్చబోతే డబ్బా వట్టిది. సైదులన్న ఆటో తెచ్చాడు. సత్తమ్మ ఒళ్లో పిల్ల తల, నా ఒళ్లో కాళ్లు. సిటీలోని పెద్ద దవాఖానకు బయల్దేరాం.

బొంగులూరు గేటు దాకా కూడా పోలేదు. రోడ్డు పక్కన ఏదో కొత్త వెంచర్ ఓపెనింగ్. బ్యాండు, బెలూన్లు, ప్లాట్లు చూడవచ్చిన కార్లు రోడ్డంతా నిండిపోయాయి. సైదులన్న దిగి కార్ల బానెట్ల మీద చరుస్తూ "ప్రాణం మీదికొచ్చింది, జరుగుండ్రి, జర జరుగుండ్రి" అని అరుస్తూ పరుగెత్తాడు. కొందరు జరిగారు. జరగడానికి జాగా లేనివాళ్లు అద్దాలు ఎక్కించుకున్నారు. కరుణ వేళ్లు నా చొక్కా పట్టుకున్నాయి. కాసేపటికి వదిలేశాయి. సత్తమ్మకు అర్థం కాలేదు. "నిద్రవట్టింది, సప్పుడు సెయ్యకుండ్రి," అంది మాతో.

నేను ఆ మాట మోయలేను. ఇన్నేళ్లయినా మోయలేకపోతున్నాను.

సైదులన్న వచ్చి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఇక దవాఖానతో పని లేదు. ఆటో వెనక్కి తిప్పుకుని వస్తే లైను గేటుకు తాళం వేసి ఉంది. లోపల రఘునందన్, ఇద్దరు మనుషులు. కబురు ఎవరి ఫోన్‌లోనో మాకంటే ముందే చేరింది.

"పీనుగును నా ఇంట్లకు తేవద్దు," అన్నాడు. "అరిష్టం. రేపు ఎవడన్న కిరాయికొస్తడా? గటే దవాఖాన కాడ ఉంచుకొని, గటే కాట్లకు తీస్కపోండ్రి. ఖర్చు నేనిస్త."

కిరాయి ఇళ్లలో ఈ మాట కొత్త కాదు. చచ్చినవాళ్లను రోడ్డు మీదే కడిగి పంపిన కిరాయిదార్లు ఈ చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. ఇల్లు గలవాడు వద్దంటే తలొంచుకుని పోవడం కూడా మాకు ఒంట్లో ఇంకిన మర్యాదే. నారయ్య అలవాటు కొద్దీ తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను.

సత్తమ్మ ఆటో దిగింది. ఏడవలేదు. గేటు ఊచలు పట్టుకుని నిలబడింది.

"పటేలా, ఒక్క మాట అడుగుత. గోడకు బూజు వట్టిననాడు ఇల్లు మీదే, మీరే సూసుకోవాలె అంటివి. నా బిడ్డ సున్నీ పిండి సూపిస్తివి. ఇయ్యాల బిడ్డ పీనుగై వస్తె ఇల్లు నాదంటున్నవ్. బూజొస్తె మాది, పీనుగొస్తె నీదా? ఇల్లు ఎవలదో ఇయ్యాల తేల్చు."

వీధిలో జనం పోగయ్యారు. పక్క లైన్ల కిరాయిదార్లు, అడ్డా మీది కూలీలు, కూరగాయలు అమ్మే ఆడవాళ్లు. ఎవరి ఇంట్లో గోడ నల్లగా ఉందో వాళ్ల ముఖాల్లోనే తెలుస్తోంది.

"తేల్చు పటేలా," అంది శ్యామలమ్మ.

"తేల్చు!" అన్నారు వెనక నుంచి. ఈసారి ఒక్క గొంతు కాదు.

గేటు ఎవరు నెట్టారో నేను చెప్పలేను. పోలీసులు కూడా చాలా రోజులు అదే అడిగారు. తాళం తెగింది. కరుణను తీసుకుపోయి ఒకటో నంబరు గది వాకిట్లో చాప మీద పడుకోబెట్టాం. రఘునందన్ పోలీసులకు ఫోన్ చేసుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పుడు నారయ్య తన గదిలోకి పోయి గడ్డపార తెచ్చాడు. "బిడ్డకు గుంత తవ్వాలె గని," అన్నాడు, "ముందుగాల గిది తవ్వాలె." వంగిన నడుముతో అట్లాగే లైను వెనక్కి నడిచాడు. ఆయన వెనక ఒక పార కదిలింది. దాని వెనక తట్టలు. ఈ చుట్టుపక్కల పునాదులన్నీ తవ్విన చేతులవి, వాటికి మొరం ఒక లెక్కా? నలభై యాభై మంది తవ్వుతుంటే మట్టి దానంతట అదే జరిగిపోతున్నట్టనిపించింది. నేనూ తట్ట మోశాను. తొమ్మిది గదుల పొడుగునా గోడ బయటపడింది, అడుగంతా నానిపోయి నల్లగా ఉంది. సైదులన్న మొదటి గది కిటికీకి పెట్టిన ఇటుకలు ఒక్కొక్కటే ఊడదీశాడు.

గాలి వచ్చింది. ఏడాదిన్నర తర్వాత ఆ గదిలోకి వచ్చిన మొదటి గాలి. కిటికీలో దూరి, గది దాటి, వాకిట్లోకి వచ్చి కరుణ మీద కప్పిన గుడ్డ అంచు కదిపింది. అది చూసి సత్తమ్మ ఏడ్చింది. అప్పటిదాకా ఆపుకున్నదంతా ఏడ్చింది. ఆ ఏడుపు విన్నవాళ్లెవరూ పార కింద పెట్టలేదు.

పోలీసులు వచ్చేసరికి మూడడుగుల కాలువ పూర్తయింది. అంత్యక్రియలు అయ్యాక సైదులన్ననూ, నారయ్యనూ, నన్నూ, ఇంకో ఆరుగురినీ పట్టుకుపోయారు. ఆస్తి ధ్వంసం అని కేసు. ఒక మనిషి ఊపిరి ధ్వంసమైతే పెట్టడానికి వాళ్ల పుస్తకంలో కేసు దొరకలేదు. మేం బెయిలు మీద వచ్చేలోగా రఘునందన్ బందోబస్తు పెట్టించి, జేసీబీతో మొరం మళ్లీ గోడకు నెట్టించాడు. కిటికీకి మళ్లీ ఇటుకలు. జిరాక్స్ దుకాణంలో నా పని పోయింది.

కానీ ఆ దసరాకు ఇబ్రహీంపట్నం కిరాయి లైన్లలో ఒక్కరూ సున్నం వేయలేదు. ఎవరూ పిలుపివ్వలేదు, కరపత్రం వేయలేదు. పండగ పూట తలుపులు బార్లా తెరిచి, నల్లటి గోడలు వీధికి కనబడేలా కూర్చున్నారు. ఎవరింట్లో ఎంత బూజుందో ఒకరిది ఒకరు చూశారు. ఎవరికి వాళ్లు సిగ్గనుకుని దాచుకున్నది అందరిదీ ఒకటే అని ఆ రోజు తెలిసింది. దీపావళికి ముందే కిరాయిదార్ల సంఘం పుట్టింది. సంఘం మొదటి ఊరేగింపు తర్వాత మళ్లీ విచారణ వేశారు. ఈసారి వేరే సారు.

ఆయన వచ్చే రోజున వాకిట్లో ముగ్గు లేదు, మంచం లేదు. లైను ముందు రెండు వందల మంది నిలబడ్డారు. సత్తమ్మ గడప మీద కూర్చుంది. సారు లోపలికి అడుగుపెడుతూ జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

"ముక్కు మూసుకోకు సారూ," అంది. "జరసేపు పీల్చు. నా బిడ్డ గిదే గాలి పీల్చింది."

ఆయన రుమాలు తీశాడు. సైదులన్న పుట్టీ పెట్టే పట్టీతో గోడ మీది సున్నం పొక్కులు గీకాడు. పెచ్చులు రాలాయి. కింద కరుణ గీతలు బయటపడ్డాయి, ఒకదాని చుట్టూ ఒకటి.

"నాకు సదువు రాదు. సదివి ఇనిపియ్యి సారూ."

"జూలై ఒకటి," అని చదివాడు ఆయన. "జూలై ఎనిమిది. పదిహేను." ఆగస్టు అయింది. సున్నం మీద కొత్తగా గీసినవి వచ్చాయి. "సెప్టెంబర్ ఇరవై మూడు. ముప్పై. అక్టోబర్ ఏడు." ఆయన వెతికాడు. "దీని తర్వాత లేదమ్మా."

"లేదు సారూ. గా దినం పొద్దుగాల గీసింది. పగటికి పాయె."

సారు తల దించుకుని రాసుకున్నాడు. ఏం రాశాడో, ఆ కాగితం ఎంతదూరం పోయిందో అదంతా వేరే గొడవ, ఇప్పటికీ కోర్టులో నలుగుతోంది. నేను చెప్పాలనుకున్నది ఆయన వెళ్లిపోయాక జరిగింది. సత్తమ్మ లేచి, దీపం గూట్లో ఉన్న కూతురి పెన్సిల్ తీసింది. అరంగుళం మిగిలి ఉంది. ఆఖరి గీతను దాటి మచ్చ జానెడు ముందుకు పాకింది. తట్టలు మోసిన ఆ చేతికి పెన్సిల్ నిలవలేదు. రెండు చేతులతో పట్టుకుంది. గీత వంకరటింకరగా మచ్చ చుట్టూ తిరిగి వచ్చింది.

వాకిట్లో శ్యామలమ్మ లేచి, "నాగ్గూడ ఒక పెన్సిల్ కావాలె," అంది. "మాగ్గూడ," అన్నారు పక్క లైను వాళ్లు. సైదులన్న చెవి మీద పెట్టుకున్న కొలతల పెన్సిల్ తీసి విరిచి ఇచ్చాడు.

సత్తమ్మ నా వైపు తిరిగింది. పెన్సిల్ ముక్క నా చేతిలో పెట్టింది.

"తారీకు నువ్వు రాయి బిడ్డా. గీత మేం గీస్తం."